అయ్యగారి అబ్బాయికి ఇంకో ముక్క

మా నాన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరు. సంఘంలో అందరికీ ఆయన అయ్యగారు, అమ్మ అమ్మగారు, నేను అయ్యగారి అబ్బాయిని, అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఇల్లు చర్చి కాంపౌండ్‌లోనే, అదీ మాది కాదు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే మంచాలు బీరువా లారీ ఎక్కించి ఇంకో పాస్టరేట్‌కి పోవడమే. మిగతా కుర్రాళ్లు స్టైల్‌గా కటింగ్ చేయించుకుంటే ఎవరూ పట్టించుకోరు, నేను చేయించుకుంటే మాత్రం ఆరాధన అవ్వగానే చర్చి మెట్ల మీదే పెద్దలు నాన్నకి చెప్పేసేవాళ్లు.

దీనికి మూలం బైబిల్లో మొదటి తిమోతి పత్రిక 3వ అధ్యాయం. సంఘాన్ని చూసుకునేవాడు ముందు తన ఇంటిని సరిగ్గా ఏలుకోవాలి, పిల్లల్ని అదుపులో పెట్టుకోవాలి, అది చేతకానివాడు దేవుని సంఘాన్ని ఏం చూస్తాడు అని ఉంటుంది. అంటే నా జుట్టు మా నాన్న ఉద్యోగానికి క్వాలిఫికేషన్ అన్నమాట!

ఒకసారి కోత పండుగకి గుమ్మడికాయలు, కోడిపుంజుల వేలంపాట అయిపోయాక ప్రేమవిందులో కూర్చున్నాం, వడ్డించే అన్నని ఇంకో చికెన్ ముక్క వెయ్యమన్నా. పక్కనున్న పెద్దాయన అందరికీ వినపడేలా "ఏలీ కొడుకులు కూడా మాంసం దగ్గరే చెడిపోయార్రా అబ్బాయ్" అన్నాడు. బైబిల్లో యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు జనం తెచ్చిన బలిమాంసం కొంకితో గుచ్చి లాగించుకున్న కథ సండే స్కూల్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలిసిందే కదా, బంతి మొత్తం నవ్వులు. ముక్క మాత్రం వదల్లేదు లెండి.

రాత్రి నాన్నకి చెబితే, "ఏలీ కథ ఉన్న మొదటి సమూయేలులోనే 8వ అధ్యాయం దాకా చదవలేదేమో ఆయన. గుళ్లో పెరిగిన సమూయేలు కొడుకులే లంచాలు తిన్నారు, పెద్దలొచ్చి ఆయన మొహం మీదే చెప్పారు. అప్పుడూ కమిటీలున్నాయిరా" అన్నాడు.

అమ్మది ఇంకో లైను. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, ఆయనా తిరునెల్వేలి వైపు పల్లెటూరి పాస్టర్ గారి అబ్బాయే, చూడు అనేది. సమూయేలు తల్లి హన్నాలాగా నన్ను పుట్టకముందే దేవుని సేవకి సమర్పించేసిందట మరి.

నేనేమో బీటెక్ చేసి హైదరాబాద్ వచ్చేశా. ఇక్కడి చర్చిలో వెనక బెంచీలో కూర్చుని ఆశీర్వాదం అవ్వగానే జారుకునేవాణ్ని, హాయిగా ఉండేది. మొన్న మా వైపు ఆయనెవరో గుర్తుపట్టి నేను ఫలానా పాస్టర్ గారి అబ్బాయినని ఇక్కడి అయ్యగారికి చెప్పేశాడు, తర్వాతి ఆదివారం ప్రకటనల్లో యూత్ సెక్రటరీ అని నా పేరు చదివేశారు, మాటవరసకైనా నన్ను అడక్కుండా.