చిన్నాన్న జేబులో కార్డు

నిన్న అంతర్వేది వెళ్తే మా చిన్నాన్న వేటకి బయల్దేరుతూ వల కన్నా ముందు జేబులో మత్స్యకారుల గుర్తింపు కార్డు ఉందా లేదా అని తడుముకున్నాడు. తడవకుండా పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండేసి పెట్టుకుంటాడు, ఫోటోలో మొహం సగం చెరిగిపోయింది లెండి. 2008 నవంబర్ 26న ముంబై మీదకి ఆ 10 మంది టెర్రరిస్టులు వచ్చింది సముద్రం మీంచే కదా, కుబేర్ అనే చేపల బోటుని పట్టుకుని, అందులోవాళ్ళని చంపేసి... ఆ దాడిలో మొత్తం 166 మంది పోయారు. ఆ తర్వాతే ఈ బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి, మెరైన్ పోలీసుల నిఘా, బోటు ఆపి చెకింగులు పెరిగాయి. అప్పుడు మేమంతా టీవీలో తాజ్ హోటల్ పొగే చూస్తూ కూర్చున్నాం, చిన్నాన్న ఒక్కడే ఆ బోటోళ్ళ గురించి అడిగాడు, "ఆళ్ళూ మనలాగ వేటకెళ్ళినోళ్ళే కదరా" అని. ఇప్పటికీ తెలీని బోటు కనిపిస్తే ఇంజిన్ తగ్గించి కాసేపు చూస్తాడంట.