చటాహూచీ నదిలో కొలంబస్

"తెడ్డు వెయ్యండి, ఆపకండి!" అని గైడ్ అరిచేలోపే నీళ్లు మొహాన కొట్టాయి. కళ్లు తుడుచుకుని చూస్తే ఎదురుగా ఎర్ర ఇటుకల మిల్లు. మూడో అంతస్తు కిటికీలోంచి ఓ పెద్దావిడ మాకు చెయ్యి ఊపుతోంది.

ఇవాళ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో రాఫ్టింగ్. అవతలి ఒడ్డు అలబామా.

ఆ మిల్లు ఈగిల్ అండ్ ఫీనిక్స్. 1865లో, అమెరికా అంతర్యుద్ధం చివర్లో, ఉత్తరాది సైన్యం ఈగిల్ మిల్లును తగలబెట్టింది. మళ్లీ కట్టినప్పుడు పేరులో ఫీనిక్స్, అదే బూడిదలోంచి లేచే పక్షి పేరు, చేర్చారు. నూలు, బట్ట, జీతాలు అన్నీ ఈ నీటి జోరు మీదే నడిచాయి. ఇప్పుడందులో జనం కాపురాలుంటున్నారు.

మిల్లు ఆనకట్టను 2012లో పగలగొట్టారట. దాని వెనక ఏళ్ల తరబడి మునిగున్న రాళ్లు బయటపడి, నది మళ్లీ ఉరకడం మొదలుపెట్టింది.

నాకు మొదట మనసొప్పలేదు. మాది గోదావరి జిల్లా. ధవళేశ్వరం ఆనకట్ట వల్లే అన్నం తింటున్నామని కాటన్ దొర విగ్రహానికి దండలేసే ఊళ్లు మావి. కానీ ఈ కట్ట పొలాలు తడపలేదు, మిల్లు యంత్రాలు తిప్పింది. ఆ పనే లేనప్పుడు నీళ్లను ఆపి ఏం లాభం? మంచి పనే చేశారు.

మరి అందులో పనిచేసినవాళ్లు? గైడ్‌ని అడిగాను. వాళ్ల నానమ్మ అక్కడే నూలు వడికేదట. ఆవిడ గురించి ఇంకా అడగాలనుకున్నాను, ఈలోపు ఇంకో సుడి వచ్చేసింది.