6/60 అంటే అరవైకి ఆరు మార్కులు కాదు

బడి రోజుల జ్ఞాపకాలు రాయమన్నారు కదా, ఆటల గురించి, బెత్తం దెబ్బల గురించి ఎలాగూ మీరంతా రాస్తారు కాబట్టి నేను మన బడిలో జరిగే కళ్ల పరీక్ష గురించి రాస్తాను. గోడకి అట్ట తగిలించి, 6 మీటర్లు కొలిచి, సుద్దముక్కతో గీత గీసేవాళ్లు గుర్తుందా? 1862లో స్నెలెన్ అనే డచ్ డాక్టరు తయారుచేసిన చార్టు అది. 6/60 అంటే మంచి చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివేది మనం 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేమని అర్థం. మాకు మాత్రం అరవైకి ఆరు మార్కులొచ్చినట్టే వినిపించేది!

ఇంకో తమాషా ఏంటంటే, ముందువాళ్లు చదువుతుంటే విని వెనకవాళ్లకి చార్టంతా నోటికొచ్చేసేది. అది కనిపెట్టిన నర్సమ్మ ఇంగ్లిష్ 'ఈ' అక్షరమున్న అట్టముక్కని చేతిలో అటూ ఇటూ తిప్పి, కొమ్ములు ఎటున్నాయో వేలితో చూపించమనేది. ఇక ఎవడి బండారం వాడిదే.

తప్పినవాళ్లకి కంట్లో అట్రోపిన్ అనే మందు చుక్కలు. కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేం, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతాయి, అది తగ్గడానికి వారం పైనే పట్టేది, అన్నాళ్లూ హోంవర్క్ లేదని మాకు పండగ. తర్వాత చీకటి గదిలో కంట్లోకి లైటు వేసి, ఇనప ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి చూసేవాళ్లు.

కళ్లజోడు రావడానికి మాత్రం నెలలు. గుండ్రటి స్టీలు ఫ్రేము, చెవి వెనక కొక్కెంలా వంగిన తీగ, గాజు అద్దాలు. పెట్టుకున్న మొదటి రోజు బోర్డు మీద మాస్టారు సరిగ్గా చెరపని నిన్నటి లెక్క కూడా కనిపించింది నాకు. కానీ 'సోడాబుడ్డి' అన్న పిలుపు భరించలేక చాలామంది జోడు సంచిలోనే దాచేవాళ్లు. ఏడాది తిరిగేసరికి పవర్ పెరిగేది, అద్దాలు మాత్రం అవే.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది వేరే ఉంది. దూరం చార్టు మైనస్ వాళ్లని, అంటే దూరంవి సరిగ్గా కనపడనివాళ్లని పట్టేది గానీ ప్లస్ వాళ్లు, అంటే దగ్గరవి చూడ్డానికి కష్టపడేవాళ్లు చాలావరకు హాయిగా పాసైపోయేవాళ్లు, ఎందుకంటే చిన్న వయసులో కన్ను బిగబట్టి ఆ లోపాన్ని తనే సర్దుకుంటుంది. పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అని ఏడ్చే మన బ్యాచ్ వాడొకడు ఉండేవాడు కదా, చార్టులో ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. అందుకే వాడి తలనొప్పిని ఎవరూ నమ్మలేదు. వాడికి ప్లస్ పవర్ ఉందని తేలింది ఉద్యోగంలో చేరాకే.