పిన్ని తెలుగు బడి, లింకుల పని

ఆదివారం, రాత్రి పదిన్నర

సైట్ పైనుండే మెనూలో ఇక ఒక్క పేరు కూడా చేర్చనని ఇవాళ పిన్నికి తేల్చి చెప్పేశాను. బెంగళూరు రామమూర్తినగర్‌లో తను నడిపే ఆదివారం తెలుగు బడికి, సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక సైట్ ఉంది. కొత్త పాఠం రాసినప్పుడల్లా దాని పేరు తీసుకెళ్లి మెనూకి తగిలించమంటుంది. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు, కథలు, పద్యాలు, సెలవులు, ఫీజు, అన్నీ అక్కడే. కంప్యూటర్‌లో రెండు వరసలు దాటిపోయింది. ఫోన్‌లోనేమో ఆ మూడు గీతల గుర్తు వెనక దాక్కుంటాయి. పిల్లల చేత హోంవర్క్ చేయించడానికి కంప్యూటర్ తెరిచే తల్లిదండ్రులు ఎవరున్నారు? వాట్సాప్ గ్రూపులో పిన్ని పంపిన లింకు నొక్కి తిన్నగా పాఠంలోకి వస్తారు. హోమ్ పేజీ ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. పాఠం అయిపోయాక ముందుకు దారి లేదు. మళ్లీ గ్రూపులోకి వచ్చి "మేడమ్, ర ఒత్తు పాఠం ఎక్కడుందండీ?" అని అడుగుతారు. పిన్ని మళ్లీ వెతికి పంపుతుంది.

మధ్యాహ్నం విజయనగర్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి బెన్నిగానహళ్లిలో దిగాను. అక్కడి నుంచి ఆటో. నేను వెళ్లేసరికి క్లాసు అయిపోయింది, చాపలు మడుస్తున్నారు.

పిన్ని మదనపల్లెలో హైస్కూల్ తెలుగు టీచరుగా రిటైరైంది. సైట్ సంగతి పక్కన పెట్టి, "ఈ పాఠం చదివేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆగిపోతారో చెప్పు" అని అడిగాను. తెరమీద "ప్రయాణం" అనే పాఠం ఉంది. కళ్లజోడు సర్దుకుని "ఇదిగో, ఈ 'ప్ర' కాడ ఆగుతారు. ఆ తర్వాత 'స్నేహితుడు' కాడ" అంది, ఒక్క క్షణం ఆలోచించకుండా. ఇక్కడి పిల్లలు బడిలో కన్నడ చదువుతారు కాబట్టి ఒత్తు అంటే ఏమిటో తెలుసు. మన త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు, ప్రతిదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. అంటే లింకు ఉండాల్సింది "ప్ర" దగ్గర. అనుమానం వచ్చిన చోటే దారి కనబడాలి. పైనున్న మెనూ దాకా వెళ్లి, అందులో ఒత్తులు ఏ గదిలో ఉన్నాయో వెతుక్కునే ఓపిక ఎనిమిదేళ్ల పిల్లకి ఉండదు, వాళ్ల నాన్నకి అసలే ఉండదు.

పని కష్టమేమీ కాదు. మాటను సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో పాఠం పేరు కాస్త టైప్ చేస్తే సైట్‌లో ఉన్న పేజీలు కింద కనిపిస్తాయి, కావాల్సింది ఎంచుకోవడమే. చిక్కల్లా ఒత్తుల పేజీతో. అది చాంతాడంత ఉంది. లింకు నొక్కితే పేజీ మొదట్లో దిగి, ర ఒత్తు కోసం కిందికి జరుపుకుంటూ పోవాలి. అందుకని ప్రతి ఒత్తు శీర్షికకూ, ఆ బ్లాక్ (పేజీలోని ఒక్కో ముక్కను వర్డ్‌ప్రెస్ అలా అంటుంది) సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద ఉండే యాంకర్ గడిలో, ఖాళీల్లేకుండా ఒక చిన్న పేరు ఇచ్చాను. లింకు చివర హ్యాష్ గుర్తు, దాని పక్కన ఆ పేరు. ఇప్పుడు "ప్ర" నొక్కితే సరిగ్గా ర ఒత్తు ముందే వాలుతుంది. పిన్ని అది నాలుగైదుసార్లు నొక్కి చూసుకుంది.

పాత పాఠాల్లో అక్కడక్కడా "ఇక్కడ నొక్కండి" అని ఉంది. వాటి గురించి నేను నోరు తెరిచేలోపే "ఈడ నొక్కు అంటే యాడికి పోతాదో ఎట్ల తెలుస్తాది రా?" అంది. సరిగ్గా అదే. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌లో పేజీలోని లింకులను మాత్రమే వరసగా వినొచ్చు. అప్పుడు వాళ్లకు "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వినబడితే ఏం లాభం? అన్నిటినీ "ర ఒత్తు పాఠం", "గుణింతాల సాధన" అని మార్చాం.

పేజీల వెబ్ చిరునామాల సంగతి వేరే తలనొప్పి. పాఠం పేరు తెలుగులో ఉంటే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది, బ్రౌజర్‌లో ముచ్చటగానే ఉంటుంది. దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తుల వరదవుతుంది. అక్షరమైనా, గుణింతం గుర్తయినా ఒక్కోటి తొమ్మిది గుర్తులవుతుంది. ఒక్క "ఒత్తులు" అన్న మాటకే 63. ఒక తల్లి అది వైరస్ అనుకుని తెరవలేదట! కొత్త పాఠాలకు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న చిరునామాలు ఇద్దామనుకున్నాం. పాతవి ముట్టుకోలేదు. వర్డ్‌ప్రెస్‌లో తేదీల వరసలో వచ్చే రాతలు పోస్టులు, విడిగా నిలిచి ఉండేవి పేజీలు. పోస్టు వెబ్ చిరునామా మారిస్తే అది పాతదాన్నుంచి కొత్తదానికి తనే మళ్లిస్తుంది, పేజీలకు అలా చేయదు. మా పాఠాలన్నీ పేజీలే. గ్రూపులో ఇన్నాళ్లూ పంపినవన్నీ చెడిపోతాయి.

వేసవి కథల పేజీ ఒకటి బయటపడింది. మెనూలో లేదు, ఏ పాఠం నుంచీ దానికి లింకు లేదు. రాసిన పిన్నికే గుర్తు లేదు. గూగుల్ కూడా ఎక్కువగా లింకులు పట్టుకునే పేజీ నుంచి పేజీకి వెళ్తుంది కాబట్టి అలాంటి పేజీ దాని కంట పడటం కష్టం. ఈ బడికి గూగుల్ నుంచి ఎవరూ రానక్కర్లేదనుకోండి, ఉన్న పిల్లలకు కనబడితే చాలు.

కంట్రోల్, కె చేతికొచ్చాక పిన్నికి హుషారొచ్చింది. కాఫీ కలుపుకుని వచ్చేసరికి ఒక పద్యంలో సగం మాటలు నీలంగా మారిపోయాయి. పక్కింటి నాలుగో తరగతి పాపకు ఫోనిచ్చి చదవమన్నాం. రెండో పాదంలో ఒక లింకు నొక్కి వెళ్లింది, అక్కడి నుంచి ఇంకోదానికి, ఇక పద్యం ఊసే లేదు. పిన్నే అన్నీ తీసేసింది. పద్యం, కథ నడుస్తుండగా లింకులు వద్దు, పూర్తయ్యాక కింద రెండో మూడో పెడదాం అని తనే తేల్చింది. పాఠాల్లో మాత్రం పిల్లలు తడబడే చోటే.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ గుర్తొచ్చాడు. 1989లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో ఆయన రాసిన ప్రతిపాదనలో ఉన్న గోల కూడా ఇదే. మనుషులు వచ్చి పోతుంటారు, సమాచారం ఎక్కడుందో తెలియక పోతుంటుంది, దాన్ని చెట్టు కొమ్మల్లా అమరిస్తే సరిపోదు, దేన్నుంచి దేనికైనా ముడి వేయగలగాలి అన్నాడు. మనం వెబ్‌ను తీసుకుని దాని మీద మళ్లీ కొమ్మలే మొలిపించి మెనూ అన్నాం. నాకైతే మెనూ సైట్ నడిపేవాళ్ల తృప్తి కోసమే అనిపిస్తుంది, కొంచెం ఎక్కువ మాట్లాడుతున్నానేమో గానీ.

గుణింతాల పాఠాలు ఇంకా మిగిలే ఉన్నాయి, వచ్చేవారం చూడాలి. ఇప్పుడే పిన్ని దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ప్రతి పాఠం కిందా ఫీజు పేజీకి లింకు పెడితే ఎట్లుంటుంది అని. వద్దన్నాను. "కట్టనోళ్లు తడబడేది ఆడనే కదరా" అంటోంది.