ఐదూ ఆరూ పలకని స్పెక్ట్రమ్

మా మావయ్య 1985లో లండన్ నుంచి వస్తూ సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్ ఒకటి తెచ్చుకున్నారు. టీవీకి తగిలించి వాడుకునే చిన్న నల్ల కంప్యూటర్ అది. కీబోర్డూ కంప్యూటరూ విడివిడిగా ఉండవు, కీల కిందే సర్క్యూట్ బోర్డు ఉంటుంది. జెడ్80 ప్రాసెసర్, 48 కేబీ మెమరీ. 1982లో వచ్చిన రబ్బరు కీల స్పెక్ట్రమ్‌కే 1984 అక్టోబర్‌లో గట్టి ప్లాస్టిక్ కీలున్న పెట్టె తొడిగి ప్లస్ అన్నారు. లోపలి సరుకు అదే. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో దీన్నే అమ్మారు కాబట్టి, ఆ రోజుల్లో కంప్యూటర్ మీద మోజు పడ్డవాళ్లలో కొందరికైనా ఇది తెలిసే ఉంటుంది.

విజయవాడలో ఇంటికి రంగులు వేయించేటప్పుడు అటక మీంచి అది కిందికి దిగింది. "నీకు పనికొస్తే బాగుచేసుకోరా, లేదంటే పాత సామాన్ల వాడికి వేసేద్దాం" అన్నారు మావయ్య. అట్టపెట్టెతో సహా హైదరాబాద్ తెచ్చుకున్నాను.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. దీని అడాప్టర్ 9 వోల్టులే, కానీ పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. ఇవాళ ఇంట్లో దొరికే అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులు. ఉన్నది కదా అని ఏదో ఒకటి గుచ్చితే బోర్డుకి నూకలు చెల్లినట్టే. మల్టీమీటర్‌తో చూసుకున్నాకే పెట్టాను. టీవీకి యాంటెన్నా దారిలో పంపే పాత మాడ్యులేటర్‌ని పక్కన పెట్టి, వీడియో సిగ్నల్‌ని నేరుగా బయటికి లాగడం ఇప్పుడు స్పెక్ట్రమ్ ఉన్నవాళ్లు మామూలుగా చేసేదే, నేనూ అదే చేశాను. బొమ్మ వచ్చింది. తెల్లటి తెర, అడుగున కాపీరైట్ వరుస. బోర్డు బతికే ఉంది.

కీబోర్డు మాత్రం మొత్తం పలకలేదు.

ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే, స్ప్రే డబ్బా తెచ్చి కీల సందుల్లో కొట్టేస్తారు. మురికి పట్టింది, తుడిస్తే పోతుంది అన్న లెక్క. స్ప్రింగు స్విచ్చులున్న కీబోర్డులకి అది కొంతవరకు పనిచేస్తుందేమో. దీనికి అస్సలు కాదు. దీని కీల కింద స్విచ్చులు లేవు. కీ కింద బుడిపెల రబ్బరు షీటు, దాని కింద పల్చటి ప్లాస్టిక్ పొరల మెంబ్రేన్, దాని వెనక ఇనప ప్లేటు. కీ నొక్కితే బుడిపె కిందికి దిగి మెంబ్రేన్ పొరల్ని కలుపుతుంది, అంతే. స్ప్రే కొడితే ఆ పొరల మధ్యకి చేరి, ఉన్న కీలు కూడా పోతాయి.

అందుకని స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు ఒక కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని, ఒక్కో కీ నొక్కుతూ పలికినదానికి టిక్కు, పలకనిదానికి ఇంటూ పెట్టుకుంటూ పోయాను. చివరికి ఇంటూలు ఎక్కడెక్కడో చెదిరి లేవు. పై వరుసలో 5, 6. దాని కింద టీ, వై. ఆ కింద జీ, హెచ్. అడుగున వీ, బీ. కీబోర్డు నడిమధ్యన పై నుంచి కింది దాకా పాపిట తీసినట్టు ఎనిమిది కీలు చచ్చిపోయి ఉన్నాయి. మురికి ఇంత క్రమశిక్షణగా పట్టదు.

దీనికి కారణం స్పెక్ట్రమ్ కీల వైరింగులో ఉంది. అసలు కీలు నలభై. వాటిని ఐదేసి చొప్పున ఎనిమిది అర వరుసలుగా విడగొట్టారు. 1 నుంచి 5 ఒక అర వరుస, 6 నుంచి 0 ఇంకోటి, క్యూ నుంచి టీ దాకా ఒకటి, అలా. ఎనిమిది అర వరుసలకి ఎనిమిది లైన్లు, ఒక్కో దాంట్లోని ఐదు స్థానాలకి ఐదు లైన్లు. మెంబ్రేన్ నుంచి రెండు రిబ్బన్లు బోర్డు మీది సాకెట్లలోకి దిగుతాయి: ఒకదాంట్లో ఎనిమిది గీతలు, ఇంకోదాంట్లో ఐదు. స్థానాల్ని ఎప్పుడూ అంచు నుంచి మధ్యకి లెక్కపెడతారు. కాబట్టి ఎడమ సగంలోనైనా కుడి సగంలోనైనా ఐదో స్థానం కీబోర్డు మధ్యకే వస్తుంది. నా ఎనిమిది కీలూ ఆ ఐదో గీత మీదివే. ఎనిమిది కీలు కాదు, తెగింది ఒక్క గీత.

బాణం కీలు చూశాక ఇది ఖాయమైపోయింది. ఎడమ బాణం, కింది బాణం పనిచెయ్యవు. పై బాణం, కుడి బాణం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ప్లస్‌లో కొత్తగా చేర్చిన ఈ కీలకి సొంత వైర్లు లేవు. పాత స్పెక్ట్రమ్‌లో క్యాప్స్ షిఫ్ట్ పట్టుకుని 5, 6, 7, 8 నొక్కితే ఎడమ, కింద, పైన, కుడి. ప్లస్‌లో ఒక్క వేలి నొక్కుడుతో ఆ రెండు కీలూ ఒకేసారి కలిసేలా మెంబ్రేన్‌లో అదనపు పొరలు పెట్టారు. డిలీట్ అంటే క్యాప్స్ షిఫ్ట్, సున్నా. బ్రేక్ అంటే క్యాప్స్ షిఫ్ట్, స్పేస్. 5, 6 పోయాయి కాబట్టి వాటి బాణాలూ పోయాయి. అదే షిఫ్ట్ పొర పాడైన మెషిన్లలో డిలీట్ నొక్కితే చెరగడం మానేసి సున్నాలు పడతాయి. పాత రబ్బరు స్పెక్ట్రమ్ మెంబ్రేన్ కంటే దీనిది ఎందుకు గొడవో దీన్నిబట్టి అర్థమవుతుంది. డబ్బు మిగుల్చుకోవడం కోసం బోర్డు ముట్టుకోకుండా భారమంతా ప్లాస్టిక్ పొరల మీదే వేశారు. తెలివైన పనే గానీ, నలభై ఏళ్ల తర్వాత విప్పేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఇంకో సరదా. స్పెక్ట్రమ్‌లో ప్రోగ్రాంలు రాసుకునే బేసిక్ భాషలో పదాల్ని అక్షరం అక్షరం కొట్టం, ఒక్కో కీకి ఒక్కో ఆదేశం. జీ అంటే గో టూ, హెచ్ అంటే గో సబ్, వై అంటే రిటర్న్. మూడూ చచ్చిన కీల్లోనే. ఆటలు లోడ్ చేసుకోవడానికి కావలసిన జే మాత్రం భేషుగ్గా ఉంది. పిల్లల చేతికిస్తే కీబోర్డు బాగాలేదని ఎప్పటికీ కనిపెట్టలేరు.

ఇక విప్పడం. బోర్లించి అడుగు స్క్రూలు తీశాను. ఏది ఎక్కడిదో గుర్తుండాలని అట్టముక్క మీద పెట్టె ఆకారం గీసి, ఆయా చోట్లే గుచ్చాను. పై మూత అమాంతం ఎత్తకూడదు. రెండు రిబ్బన్లూ బోర్డుకి తగిలి ఉంటాయి, పొట్టిగా ఉంటాయి. వేలెడు సందు చేసి, రిబ్బన్ని సాకెట్ నుంచి నిటారుగా పైకి లాగాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కి ఉంది. ఐదు గీతల రిబ్బన్‌లో సాకెట్ అంచు తగిలే చోట వెంట్రుక మందాన అడ్డంగా చీలిక. తెగిన గీత అక్కడే దొరికింది.

దొరికినా నాకు ఒక టెన్షన్ మిగిలింది. తప్పు మెంబ్రేన్‌దైతే కొత్తది దొరుకుతుంది. బోర్డు వైపుదైతే, కీల్ని చదివేది యూఎల్ఏ అనే చిప్పు. ఫెరాంటీ అనే బ్రిటిష్ కంపెనీ సింక్లెయిర్ కోసం ప్రత్యేకంగా చేసిచ్చినది, అసలుది ఇప్పుడెవరూ తయారు చెయ్యరు. చీలిక కంటికి కనిపించినంత మాత్రాన బోర్డు బాగున్నట్టు కాదు కదా. దీన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. మెంబ్రేన్ పూర్తిగా తీసేసి, ఖాళీ సాకెట్లలో ఐదింటి వైపు ఒక పిన్నునీ ఎనిమిదింటి వైపు ఒక పిన్నునీ చిన్న వైరు ముక్కతో తాకించాలి. కీ నొక్కడమంటే జరిగేది అదే కాబట్టి దీనివల్ల బోర్డుకి ప్రమాదం లేదు. వైరు జారి పక్కనున్న వేరే భాగాల్ని తాకకుండా చూసుకుంటే చాలు. ఐదో పిన్ను మీద ఒక కొస ఉంచి, ఇంకో కొసని ఎనిమిదింటి మీదా ఒక్కొక్కటిగా ఆనించాను. ఒకచోట తెర మీద గో టూ పడింది. దాన్ని చెరిపేసి ఇంకోచోట తాకిస్తే బోర్డర్, అంటే తెర అంచు రంగు మార్చే బీ కీ ఆదేశం. ఇంకోచోట 5, ఆపైన 6. ఎనిమిదీ పలికాయి. ఈ మరమ్మతు మొత్తంలో నాకు బాగా నచ్చిన అరగంట ఇదే. కీబోర్డే లేని కంప్యూటర్‌తో వైరుముక్క పట్టుకుని మాట్లాడుతున్నాను.

రిబ్బన్ కొసని నాలుగైదు మిల్లీమీటర్లు సమంగా కత్తిరించి, కొత్త అంచుని సాకెట్‌లో దూర్చడం పాత చిట్కా. చేసి చూశాను. మధ్య కీలు లేచాయి, అంతలో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ వరుస పడిపోయింది. ఈసారి ఎనిమిది గీతల రిబ్బన్‌లో చీలిక. వెండి పెయింటుతో అతుకు వెయ్యొచ్చని అంటారు గానీ, వంగిన చోటల్లా పెళుసుగా ఉన్న ప్లాస్టిక్‌కి అతుకులు వేసి లాభం లేదు. ఒకచోట అతికిస్తే ఇంకోచోట తెగుతుంది. స్పెక్ట్రమ్ మెంబ్రేన్లని ఇప్పటికీ కొత్తగా అచ్చువేసి అమ్మేవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. ప్లస్‌కి వేరే రకం, రబ్బరు కీల మోడల్ది దీనికి పట్టదు, ఆర్డరు చేసేటప్పుడు అది చూసుకోవాలి. కస్టమ్స్ డ్యూటీ కట్టాను, పార్సిల్ రావలసినప్పుడు వచ్చింది.

ఈలోపు శుభ్రం చేసే పని పెట్టుకున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా కొన్నాను. కీబోర్డు వెనక ఇనప ప్లేటుకి బోలెడు చిన్న స్క్రూలు. ప్లేటు ఎత్తితే కింద మెంబ్రేన్, దాని కింద బుడిపెల రబ్బరు షీటు, ఆ కింద కీల వెనకవైపు. సందుల్లో ఏమేం ఉన్నాయో చెబితే అన్నం తినలేరు. దుమ్ము, వెంట్రుకలు, చచ్చిన చీమలు సరే, ఒక మూల రెండు బల్లి గుడ్ల పెంకులు కూడా ఉన్నాయి. మావయ్యకి ఫోన్ చేసి చెబితే, "మీ అత్తయ్యకి చెప్పకురా, ఆ అటక మీదే ఊరగాయ జాడీలు కూడా ఉండేవి" అన్నారు.

ఆల్కహాల్ వాడింది బోర్డు మీది సాకెట్లకీ ఇనప ప్లేటుకీ మాత్రమే. కీల మీది తెల్ల అక్షరాల జోలికి దాన్ని తీసుకెళ్లలేదు. రబ్బరు షీటుకి కూడా వద్దు, మామూలు నీళ్లు చాలు. కీలున్న పై మూతని గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ కొద్దిగా వేసి నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో సందులన్నీ తోమాను. తర్వాత ఫ్యాను కింద ఆరబెట్టాను. మన ఎండలో పెడితే పలచటి ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది, తొందరపడకూడదు. ఇదే కాలం నాటి లేతరంగు కంప్యూటర్లయితే ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి, దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూతలని పెద్ద తతంగం ఉంటుంది. దీన్ని నల్లగా చేసినందుకు సింక్లెయిర్‌కి ఒక నమస్కారం.

కొత్త మెంబ్రేన్ బిగించడంలో కష్టమంతా వరసలోనే. ముందు రబ్బరు షీటు, ప్రతి బుడిపె తన కీ మీదికి వచ్చేలా. దాని మీద మెంబ్రేన్, రంధ్రాలు రంధ్రాల్లో పడేలా. ఆపైన ప్లేటు. స్క్రూలు ఒక చివర నుంచి బిగించుకుంటూ పోతే షీటు పక్కకి జరుగుతుంది. అన్నీ వదులుగా పెట్టి, ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం తిప్పుతూ రావాలి. గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్‌లో మర అరిగిపోతుంది, మళ్లీ పట్టదు. రిబ్బన్లు సాకెట్‌లో దూర్చేటప్పుడు నెట్టుడు కొసనే ఉండాలి. మధ్యలో పట్టుకుని నెడితే మడత పడుతుంది, కొత్త రిబ్బన్‌కి మొదటి చీలిక అక్కడే మొదలవుతుంది.

మూత స్క్రూలు వెయ్యకుండానే కరెంటు ఇచ్చాను. పరీక్షకి ప్రోగ్రాం ముందే అనుకుని పెట్టుకున్నాను, వీలైనంతవరకు పాత చచ్చిన కీలతోనే నడిచేది. పదో లైన్లో బోర్డర్ 5. ఇరవయ్యో లైన్లో బోర్డర్ 6. ముప్పయ్యో లైన్లో గో టూ 10. బీ, 5, 6, జీ, అన్నీ ఒకే గీత మీదివి. ఆర్ నొక్కితే రన్, అది రెండోసారి పడిపోయిన వరుసది. ఎంటర్ కొట్టగానే తెర చుట్టూ అంచు నీలాకుపచ్చ, పసుపు చారలుగా పరుగెత్తింది. ఎడమ బాణం, కింది బాణం చూడాలంటే ముందు దీన్ని ఆపాలి, ఆపడానికి బ్రేక్ కావాలి, బ్రేక్ పలకాలంటే మెంబ్రేన్ అదనపు పొరలు బాగుండాలి. నొక్కాను. చారలు ఆగిపోయి, అడుగున ప్రోగ్రాం మధ్యలో ఆపారంటూ బ్రేక్ సందేశం పడింది. బాణాలు నాలుగూ పనిచేశాయి. డిలీట్ సున్నాలు వెయ్యకుండా చెరిపింది. మూత స్క్రూలు అప్పుడు బిగించాను.