గ్రీన్ అంచున పట్టరా, చిప్పా: డిసెంబర్ నుంచి జూన్ దాకా

పోయిన చలికాలం మొదలైనప్పటి నుంచి గోల్ఫ్ ప్రాక్టీసులో ఒకే షాట్ పట్టుకుని ఉన్నాను. బంతి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) దాకా వచ్చి, ఎక్కకుండా రెండు మూడు గజాల ఇవతల ఆగిపోతుంది చూడండి, ఆ షాట్. అక్కడి నుంచి పట్టర్‌తో నేల మీదే దొర్లించాలా, ఐరన్ క్లబ్‌తో చిన్న చిప్ వేయాలా, అంటే కొంచెం గాల్లోకి లేపి ఆ పైన దొర్లనివ్వాలా? రౌండుకి తొంభై పైన స్ట్రోకులు (దెబ్బలు) తీసుకునే నాలాంటి వాళ్లకి ఇది ప్రతి రౌండులోనూ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. డ్రైవర్ దూరం పెంచుకునే కంటే ఇక్కడ స్ట్రోకులు మిగుల్చుకోవడం తేలికని నా గట్టి నమ్మకం.

ఆడేది డాలస్‌కి ఉత్తరాన ఒక మునిసిపల్ కోర్సులో. గ్రీన్ బయట నుంచి వాడే పట్టర్‌కి 'టెక్సాస్ వెడ్జ్' (వెడ్జ్ అంటే బంతిని పైకి లేపే క్లబ్) అని పేరొచ్చింది ఈ నేల వల్లే. గట్టి నేల, పొట్టి గడ్డి, ఆగని గాలి. బంతిని పైకి లేపడం కంటే నేల మీద పోనివ్వడమే ఇక్కడ చాలాసార్లు క్షేమం. 2014లో మార్టిన్ కైమర్ నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2లో యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు. గ్రీన్ల చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద నుంచి, ఎదురు గట్టు ఉన్నా సరే, వారమంతా పట్టరే తీశాడు. ప్రపంచ స్థాయి ఆటగాడు చేసిన పనిని మనం చేయడానికి మొహమాటం దేనికి?

నేను లెక్క కట్టే పద్ధతి ఇది. ప్రాక్టీస్ గ్రీన్ చుట్టూ నాలుగు చోట్లు ఎంచుకుంటాను: గ్రీన్ ఎగువకు ఉన్నది, దిగువకు ఉన్నది, గడ్డి నాకు ఎదురు వాలినది, హోల్ వైపు వాలినది. ప్రతి చోటు నుంచీ సగం బంతులు పట్టర్‌తో, సగం 8 ఐరన్‌తో. తర్వాత హోల్‌కి అన్నిటికంటే దూరంగా ఆగిన బంతులనే కొలిచి రాసుకుంటాను. బాగా పడ్డ షాట్లు రెండు క్లబ్బులతోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. తేడా అంతా సరిగా తగలని వాటిలోనే. పట్టర్‌తో దెబ్బ చెడితే ఆరేడు అడుగులు తక్కువో ఎక్కువో అవుతుంది, దారి మాత్రం పెద్దగా తప్పదు. చిప్ చెడితే నేలకి తగిలి అడుగు దూరం కూడా కదలదు, లేదా బంతి నడుముకి తగిలి గ్రీన్ దాటి అవతలికి పోతుంది.

డిసెంబర్ నుంచి మార్చి దాకా నోట్సులో ఒకటే మాట: పట్టర్. మొదటి మంచు పడ్డాక ఇక్కడి బెర్ముడా గడ్డి ఎదగడం ఆపేసి, ఎండుగడ్డి రంగులోకి వచ్చి గట్టిపడుతుంది. బంతిని పట్టుకునే శక్తి దానికి ఉండదు. ఐదారు గజాల నుంచి కూడా ఫ్రింజ్‌ని (గ్రీన్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి అంచుని) గ్రీన్‌లాగే లెక్కపెట్టి, కొద్దిగా బలం కలిపితే సరిపోయింది.

ఏప్రిల్ చివర పచ్చబడ్డాక లెక్క మారింది. జూన్‌కి పూర్తిగా వేరే ఆట. బెర్ముడా అంటే మన వినాయక చవితి పత్రిలో పెట్టే గరికే, మైదానాల కోసం పెంచిన సన్నరకాలు. నేల మీద పాకుతూ పోయే గడ్డి కాబట్టి దాని పరకలు ఏదో ఒక వైపుకు వాలి ఉంటాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తే హోల్ వైపు వాలినట్టు, ముదురుగా కనిపిస్తే మన వైపు వాలినట్టు. ఎదురు గ్రెయిన్‌లో వెడ్జ్ తీయడం ప్రమాదం, దాని అంచు పరకల్లో ఇరుక్కుని ఆగిపోతుంది. అలాంటి చోట ఫ్రింజ్ రెండు గజాల లోపైతే పట్టరే, కానీ ఫ్రింజ్‌లో ప్రతి అడుగునీ రెండుగా లెక్క వేసుకుంటాను. అంతకంటే వెడల్పుంటే 8 ఐరన్: బంతికి దగ్గరగా నిలబడి, పట్టర్ పట్టుకున్నట్టే పట్టుకుని, క్లబ్ మడమ (తలలో కర్ర వైపు చివర) కొంచెం పైకి లేపి, బరువంతా ముందు కాలి మీద పెట్టి, మణికట్టు ఆడించకుండా. మడమ లేస్తే గడ్డికి తగిలేది క్లబ్ కొన ఒక్కటే, ఇరుక్కోదు. గ్రెయిన్ హోల్ వైపు ఉంటే మాత్రం చిప్ హాయిగా పడుతుంది.

ఏ క్లబ్ అన్నదానికి పాత సూత్రం ఒకటి ఉంది, సమతలంగా ఉన్న మామూలు వేగపు గ్రీన్ మీద బాగానే పనిచేస్తోంది. బంతి అంచుకి గజం బయట, హోల్ గ్రీన్ అంచు నుంచి 9 గజాల లోపల అనుకోండి. గ్రీన్ లోపలికి గజం దూరాన దించితే గాల్లో 2 గజాలు, దొర్లుడు 8. దొర్లుడు గాలికి 4 రెట్లు. సూత్రం ప్రకారం 12 లోంచి ఆ 4 తీస్తే 8, కాబట్టి 8 ఐరన్. రెండు రెట్లే వస్తే 10, అంటే 9 ఐరన్ తర్వాతిదైన పిచింగ్ వెడ్జ్.

బంతి పచ్చగడ్డిలోకి దిగి సగమే కనబడుతుంటే పట్టర్ ఊసే వద్దు. బంతి పైభాగానికి తగిలి ఎగిరి, ఎంత దూరం పోతుందో అంచనాకి అందదు.

రూల్స్ కూడా నిర్ణయాన్ని మారుస్తాయి. బంతిలో ఏ కొంచెమైనా గ్రీన్‌కి తగిలితే అది గ్రీన్ మీద ఉన్నట్టే, చోటు మార్క్ చేసి, బంతిని ఎత్తి తుడుచుకోవచ్చు. ఫ్రింజ్ మీద అది కుదరదు. దారిలోని ఆకులూ పుల్లలూ తీసేయొచ్చు కానీ, బంకర్ (ఇసుక గుంట) నుంచి ఎగిరి ఫ్రింజ్ మీద పడ్డ ఇసుకను తుడవకూడదు. ఇసుక మీదుగా పట్టింగ్ చేస్తే బంతి వేగం సగంలో చస్తుంది, అప్పుడు నాది చిప్పే. స్ప్రింక్లర్ మూత దారికి మాత్రమే అడ్డొస్తే, ప్రత్యేక లోకల్ రూల్ లేనంతవరకు ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే వీలు) దొరకదు, అక్కడా దాని మీదుగా చిప్పే. గ్రీన్ మీది పిచ్ మార్కుల్ని (బంతులు పడి చేసిన గుంటల్ని) మాత్రం బంతి బయట ఉన్నా సరిచేసుకోవచ్చు. జెండా కర్ర తీయను, వేగంగా పోయే బంతిని అది చాలాసార్లు ఆపింది.

జూన్ నోట్సు చూస్తే, పట్టర్ దూరాలు ఇంకా నిలకడగా లేనిది ఒక్కచోటే: దిగువకు వాలిన గ్రీన్, ఎదురు గ్రెయిన్ ఉన్న ఫ్రింజ్. ఫ్రింజ్ దాటడానికి గట్టిగా కొట్టాలి, దాటాక ఆ బలమే ఎక్కువవుతుంది. జులైలో ఈ ఒక్క చోటుకే సమయం ఇస్తాను, పట్టర్ పక్కన 4 హైబ్రిడ్‌నీ పెట్టి. హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్) ముఖం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి బంతి మొదటి అడుగు గడ్డి పైనుంచి దూకి తర్వాత దొర్లాలి. కొలతలు పట్టర్, 8 ఐరన్‌ల పక్కనే మూడో వరసలో రాస్తాను.