టెక్సాస్‌లో ఇల్లు కొన్నారా? మొదటి ఏడాది నోటీసును వదలొద్దు

పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కౌంటీ నుంచి కవరొచ్చింది. మా ఇంటి విలువ 6,41,000 డాలర్లట. మేం కొన్నదే 5,98,000కి కదా!" గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. డాలస్‌కి ఉత్తరాన ఉన్న శివారులో 2024 జూన్‌లో కొన్నారు వాళ్లు. "అది బిల్లు కాదురా, ఇంటి పన్ను వేయడానికి కౌంటీ కట్టిన విలువ చెప్పే నోటీసు. ఇంకా టైముంది. ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాగితాల ఫైలు తీసి పెట్టు, వస్తున్నా" అన్నాను.

నేనంత ధైర్యంగా చెప్పడానికి కారణం మేం ఒకప్పుడు తెలియక ఎక్కువ కట్టిన ఇంటి పన్ను. మా ఇల్లు 2021లో కొన్నాం. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే మనం కాపురముండే ఇంటి విలువలో కొంత భాగానికి పన్ను లేకుండా చేసే మినహాయింపు, క్లోజింగ్ రోజునే దానంతటదే పడిపోతుందనుకున్నాం. పడదు. ఇళ్లకు విలువ కట్టే ఆఫీసైన కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి మనమే అప్లికేషన్ పెట్టాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. ఫీజు లేదు. "మేం పెట్టిపెడతాం, ఇంత ఇవ్వండి" అంటూ ఉత్తరాలొస్తే పక్కన పడేయండి. 2024లో పక్కింటి వదిన మాటల్లో చెబితే గానీ మాకు తెలియలేదు. అదృష్టం ఏమిటంటే ఆలస్యంగా పెట్టినా రెండేళ్ల వెనక్కి ఇస్తారు. 2022, 2023లకు ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కొచ్చింది. స్కూల్ టాక్స్‌లో ఈ మినహాయింపు 2023లో లక్ష డాలర్లు, 2025 నుంచి 1,40,000. రేటు నూటికి ఒక డాలరు దగ్గర వేసుకున్నా ఏటా 1,400 మిగులుతుంది. స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేని చోట ఇంటి పన్నే పెద్ద భారం కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు.

సరే, తమ్ముడి ఇంటికి వద్దాం. అందరూ ముందు పక్కిళ్ల ధరలు వెతుకుతారు. నేను మాత్రం ముందు కౌంటీ వెబ్‌సైట్‌లో మన ఇంటి రికార్డు చూడమంటాను. వాళ్ల కాగితంలో మన ఇల్లు ఎలా ఉందో చూడాలి కదా! తమ్ముడి రికార్డులో 2,905 చదరపు అడుగులని ఉంది. బిల్డర్ ప్లానులో 2,650. ఎక్కడిదీ 255? మరదలికి తట్టింది. హాలు మీద పైకప్పు దాకా ఖాళీగా ఉంటుంది కదా, ఆ ఖాళీని కూడా పై అంతస్తులో గది కింద లెక్కేశారు. తమ్ముడు టేపు ఒక చివర పట్టుకుంటే మరదలు రెండో చివర పట్టుకుంది. హాలు సరిగ్గా 17 అడుగులు, 15 అడుగులు. గుణిస్తే 255. మేడ మెట్ల మీద నిలబడి కిందికి, పైకి ఫొటోలు తీశాం.

ఆ తర్వాతే పక్కిళ్లు చూశాం. అదే బిల్డరు, అదే ప్లాను ఉన్న మూడిళ్లకు కౌంటీ వేసిన విలువ అడుగుకి 222 డాలర్ల దగ్గర ఉంది. తమ్ముడిది అసలు అడుగులతో భాగిస్తే 242 వచ్చింది. క్లోజింగ్ స్టేట్‌మెంట్ ఎటూ ఉంది. టెక్సాస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు, అందుకని కౌంటీ వేసేది అంచనాయే. తక్కువకు కొన్నవాళ్లు ఆ కాగితం చూపించడం మంచిది.

ప్రొటెస్ట్‌కి, అంటే కౌంటీ వేసిన విలువ మీద అభ్యంతరం పెట్టడానికి, గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. పెట్టేటప్పుడు రెండు కారణాలకూ టిక్ పెట్టండి: మార్కెట్ విలువ కంటే ఎక్కువ వేశారని, మిగతా ఇళ్లతో సమానంగా లేదని. కౌంటీ దగ్గరున్న ఆధారాలు కూడా అడగండి, రివ్యూ బోర్డు మన వాదన వినే హియరింగ్‌కి 14 రోజుల ముందే చూసుకునే హక్కు మనకుంది. మాట్లాడేటప్పుడు "పన్ను భరించలేకపోతున్నాం" అంటే పని జరగదు. రేటు పెట్టేది స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ, కౌంటీ. ఇక్కడ తేలేది జనవరి 1 నాటికి ఇంటి విలువ ఎంత అన్నదొక్కటే. తమ్ముడు ఆ మాటే పట్టుకున్నాడు. రివ్యూ బోర్డు దాకా పోకుండానే, అప్రైజర్‌తో మాట్లాడిన రోజే 5,90,000కి తగ్గించారు.

51,000 తగ్గింది, అన్ని పన్నులూ కలిపి 2 శాతం అనుకుంటే ఆ ఏడాదికి వెయ్యి డాలర్లు. కానీ నేను మొదటి ఏడాది అని ఇంతగా మొత్తుకునేది దానికోసం కాదు. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం కంటే పెంచకూడదు. తమ్ముడికి ఆ క్యాప్ 2026 నుంచి మొదలు. 5,90,000 మీద పది శాతమంటే 6,49,000 దాటదు. ఊరుకుని ఉంటే 7,05,000 దాకా పోవచ్చు. పునాది ఎక్కడ పడితే లెక్క అక్కడి నుంచి నడుస్తుంది.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. కొత్తింటికి మారి పాతది అద్దెకిచ్చాక కూడా పాతింటి మీద హోమ్‌స్టెడ్ అలాగే ఉంచేవాళ్లున్నారు. భార్య పేరున ఒకటి, భర్త పేరున ఒకటి తీసుకోవచ్చా అని నన్నడిగినవాళ్లూ ఉన్నారు. వద్దు. కాపురమున్న ఇల్లొక్కటే. తర్వాత దొరికితే అలా తగ్గించుకున్న పాత పన్నులు కట్టాల్సి వస్తుంది. చట్టం ఇచ్చినదే మనం సరిగా తీసుకోవడం లేదు, ముందు అది తీసుకుందాం. 65 దాటిన అమ్మానాన్నలు తమ పేరున ఉన్న ఇంట్లో ఉంటుంటే వాళ్లకు స్కూల్ టాక్స్‌లో ఇంకో 60,000 మినహాయింపు ఉంది, ఆ పన్ను పెరగకుండా సీలింగ్ కూడా ఉంది. అది అడిగారా మరి?

తమ్ముడి వీధిలో ఇంకో జంట పోయిన దీపావళికి గృహప్రవేశం చేశారు. వాళ్ల నోటీసు మొన్న వచ్చిందట. అదే బిల్డరు, అదే హై సీలింగ్ హాలు. రేపు సాయంత్రం టేపు పట్టుకుని అక్కడికే వెళ్తున్నాం.